నంబరు చెప్పక్కా

మొన్న ఆదివారం సాయంత్రం ఒక చర్చి వెనక హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. మనిషి పోయాక ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడానికి పదిమందీ కలుస్తారు. పాటలు పాడతారు, పోయినవాడి గురించి తలా ఒక మాట లేచి చెబుతారు. వాళ్ల పద్ధతి అది. నాది ఆ మతం కాదు. అయినా పోయినతని భార్య కబురు పెట్టింది కాబట్టి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

ఒకాయన లేచి, మన సంఘంలో నెట్‌వర్క్ సెక్యూరిటీ సర్టిఫికెట్ మొట్టమొదట సాధించినవాడు ఇతనే అన్నాడు. ఇంకొకాయన, అదీ మొదటిసారికే, దాదాపు పూర్తి మార్కులతో అన్నాడు. అందరూ తలలూపారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు మాత్రం పైటలు అడ్డం పెట్టుకుని గుసగుసలాడుకున్నారు.

"గంత పెద్ద సర్టిఫికెట్ ఉంటె నౌకరి ఎందుకు పాయె మరి?"

"ఏదో గోల్‌మాల్ చేసిండంట. గందుకె ఎల్లగొట్టిన్రంట."

నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. చివర్లో నన్ను కూడా ఒక మాట చెప్పమన్నారు. మోకాళ్ల నొప్పి, లేవలేను అన్నాను. నిజానికి ఒక మాటలో తెమిలేది కాదది. ఇంటికి వచ్చాక కూడా ఆ గుసగుస చెవిలోంచి పోలేదు. అందుకే మా చెల్లెలి కూతురిని కూర్చోబెట్టుకుని చెప్పి రాయిస్తున్నాను. అతని పేరు చెప్పను. నేను తమ్ముడనే పిలిచేదాన్ని. ఇక్కడా తమ్ముడే.

మా ఆయన పోయాక వచ్చే పింఛను చాలక, అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు అవతల సందులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయాగా చేరాను. కింద సూట్‌కేసుల దుకాణం, పైన మాది. ఊడవడం, తుడవడం, నీళ్లు పట్టడం, ల్యాబ్ తలుపు దగ్గర కూర్చుని ఫీజు కార్డు చూసి లోపలికి పంపడం నా పని. ఆ రోజుల్లో ల్యాబ్‌లోకి చెప్పులతో పోనిచ్చేవాళ్లు కాదు. దుమ్ముకు మిషన్లు పాడవుతాయని గుడి ముందర విడిచినట్టు బయటే విడవాలి. బ్యాచ్ వదిలాక ఏవి ఎవరివో అని ఆ చెప్పుల గుట్ట దగ్గర రోజూ ఒక చిన్న కొట్లాట.

తమ్ముడు ఆ గుట్టలో కలపడు. నల్ల బూట్లు. విప్పి, గోడ వారగా, ముందు భాగం మెట్ల వైపు ఉండేటట్టు పెడతాడు. మేజోడు మడమ దగ్గర వేరే రంగు దారంతో కుట్టిన అతుకు ఉండేది. వాళ్లావిడ కుట్టిందట. దవాఖానలో నర్సు కదా, కుట్లు బాగానే వేస్తుంది అని నవ్వాడొకసారి.

వయసు నలభైకి దగ్గర. బ్యాచ్‌లో మిగిలినవాళ్లంతా డిగ్రీ పిల్లలు. అంకుల్ అంకుల్ అని ఆట పట్టించేవాళ్లు. కోప్పడేవాడు కాదు. ఏదో కంపెనీలో కంప్యూటర్ల పనే చేసేవాడు గానీ, గోడల వెంట వైర్లు లాగడం, మౌసు చెడితే మార్చడం, ఆ రకం పని. నిచ్చెన అతని భుజం మీదే ఉండేది. నిన్న గాక మొన్న వచ్చిన కుర్రవాడు సర్టిఫికెట్ చూపించి ఏసీ గదిలో కుర్చీ వేయించుకున్నాడు. ఆ కుర్చీ కింద దూరి వైరు సర్దింది తమ్ముడు.

"కుర్చీ కింద దూరుడు చాలయిందక్కా. ఇగ కుర్చీల కూసోవాలె" అనేవాడు.

అతనికొక అలవాటు. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చినా కళ్లు మూసుకుని పెదవులు కదిపి గానీ తాగడు.

"నీళ్లకు గూడ ప్రార్థననా తమ్మీ?"

"మీ బస్తీల నల్లా రోజు వస్తుందా అక్కా?"

"ఏడ వస్తది, దినం తప్పించి దినం."

"మరి నువ్వు గూడ చెయ్యాలె ప్రార్థన."

ఆ సర్టిఫికెట్ పరీక్షకు అప్పట్లో ఒక అడ్డదారి ఉండేది. ముందు రాసి వచ్చినవాళ్లు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని చెబితే, ఎవరో వాటిని పోగు చేసి జిరాక్సులు తీసి అమ్మేవాళ్లు. డంప్స్ అనేవాళ్లు వాటిని. ప్రశ్న, దాని కింద ఎ, బి, సి, డి, సరైన దాని పక్కన టిక్కు. మా దగ్గర పాఠం చెప్పే సారు కూడా మీసం సరిగా మొలవని పిల్లవాడే. "పుస్తకం తర్వాత, ముందు గిది కొట్టున్రి" అని అతనే కట్టలు పంచేవాడు.

తమ్ముడికి అది చేతికి అందిన పండు. చిన్నప్పుడు మెదక్ వైపు ఊళ్లో, ఆదివారం బడిలో కంఠత వాక్యాల పోటీ పెట్టేవాళ్లట. టీచరమ్మ అధ్యాయం నంబరు, వచనం నంబరు చెబితే పిల్లవాడు లేచి తడుముకోకుండా ఒప్పజెప్పాలి. ఏటా బహుమతి తమ్ముడికే. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాడు. నాకు చదువు రాదు, కానీ అంకెలు వచ్చు, ఆ నాలుగు అక్షరాల ఆకారం తెలుసు. అతనికి అది చాలు. కట్ట నా ఒళ్లో పడేసి గోడకు చేరగిలబడేవాడు.

"నంబరు చెప్పక్కా."

"నూట పద్నాలుగు."

కళ్లు మూసుకుంటాడు. బొటనవేలు మిగిలిన వేళ్ల కణుపుల మీద పరుగెడుతుంది. ఇంగ్లీషులో ప్రశ్న మొత్తం గడగడా చదివేసి, నాలుగు జవాబులూ చెప్పి, చివర్న, "జవాబు బి" అంటాడు. నేను టిక్కు చూసి "ఔ" అంటాను.

"ఇంకోటి."

నేను ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో. అతను లోకల్ రైలు ఎక్కేది నాంపల్లిలోనే. సాయంత్రం బ్యాచ్ వదిలాక ఇద్దరం నడుచుకుంటూ పోయేవాళ్లం. దారంతా ఇదే పని. ఒకసారి స్టేషన్ రోడ్డు దాటుతూ దాటుతూ కళ్లు మూసుకున్నాడు. ఆటోవాడు బ్రేకు కొట్టి తల బయట పెట్టాడు.

"ఏ చాచా, ఇల్లు సూస్కుంటవా, దవాఖాన సూస్కుంటవా?"

తమ్ముడు కళ్లు తెరవకుండానే, "జవాబు డి" అన్నాడు. నేను రెక్క పట్టుకుని అవతలికి లాగాను. ఆటోవాడు కూడా నవ్వేశాడు.

ఆ రోజే అడిగాను. "గిదంత నోటికి పట్టినవు గని, దీని అర్థమేంది తమ్మీ?"

"అర్థం పరీక్షల అడగరక్కా."

పరీక్ష మా ఇన్‌స్టిట్యూట్‌లోనే, అద్దాల గదిలో. నేను పొయ్యి మీద పెట్టిన టీ ఇంకా మరగనే లేదు, అతను రాసేసి బయటికి వచ్చాడు. లోపల పరీక్ష చూసుకునే అమ్మాయి తెల్లబోయి మార్కుల కాగితం రెండుసార్లు చూసింది. సాయంత్రానికి మిఠాయి డబ్బాతో వచ్చి, మొదటి ముక్క నా నోట్లోనే పెట్టాడు. "సగం పాస్ నీదే అక్కా" అన్నాడు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుందని, తర్వాత మళ్లీ రాయాలని అప్పుడే చెప్పాడు. నేను నవ్వాను. నేనైతే ఏటేటా నాంపల్లిలో పింఛను ఆఫీసుకు పోయి, బతికే ఉన్నానని, మళ్లీ పెళ్లి చేసుకోలేదని సంతకం పెట్టి రావాలి.

"నీది ఏడాదికొక్కసారి, నాది మూడేండ్లకొక్కసారి. ఉన్నమని చెప్పుకుంటనే ఉండాలె అక్కా మనం" అన్నాడు.

నెల తిరగకుండా హిమాయత్‌నగర్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. సొంత కుర్చీ. పిల్లను మంచి బడిలో వేశాడని, కిరాయి ఇల్లు మారాడని కబురు తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు కనబడలేదు. నేను కూడా మరిచిపోతూ ఉన్నాను.

వానాకాలం, పొద్దున్నే మొదలయ్యే బ్యాచ్. కొత్తవాళ్లకు మొదటి నుంచి చెప్పే క్లాసు అది. కార్డులు చూస్తున్నాను. ఒక చెయ్యి కార్డు చాపింది, మనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. చూస్తే తమ్ముడు. ఈసారి బూట్లు గోడ వారగా పెట్టలేదు. పేపరులో చుట్టి సంచిలో కుక్కుకున్నాడు.

"ఏంది తమ్మీ, నువ్వు పాసైనోనివి గద! గీ పోరగాండ్ల క్లాసుల నీకేం పని?"

"మెల్లగ మాట్లాడు అక్కా. నేను వచ్చిన ముచ్చట ఎవ్వరికి చెప్పకు."

క్లాసు అయ్యాక నీళ్ల డ్రమ్ము దగ్గర చెప్పాడు. కొత్త ఉద్యోగంలో అతని ముందు ఒక మిషన్ పెట్టారట. ఊళ్లలోని బ్రాంచీల నుంచి వచ్చేవాళ్లను లోపలికి రానివ్వాలా వద్దా అని చూసే మిషన్. ఫోన్ మోగుతుంది, ఫలానా బ్రాంచికి పని ఆగిపోయింది, సరిచేయి అంటారు. ఇతను తెర ముందు కూర్చుంటాడు. కట్టలో ప్రశ్నలన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. ఒక్కటీ పనికి రాదు.

"గాడ ఎ, బి, సి, డి ఉండయక్కా" అన్నాడు. "అడుగుతరు, ఊకుంటరు. జవాబు నేనే తయారు చెయ్యాలె. ఇప్పటిదాక ఎట్లనో నెట్టుకొచ్చిన. తెలిసిపోతే ఆ దినమే తీసేస్తరు. తెల్వకముందె నేర్చుకోవాలె."

ఆ రోజు నుంచి పొద్దున ఇక్కడ క్లాసు, అక్కడి నుంచి బస్సెక్కి ఆఫీసు. మొహం గుంటలు పడింది. అయితే మనిషి మారాడు. ఇంతకుముందు క్లాసులో ఒక్క మాట అడగనివాడు ఇప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని చెయ్యి ఎత్తేవాడు. తలుపు సందులోంచి వినబడేది.

"అంకుల్, ఆ ప్రశ్న ఎగ్జామ్‌ల రాదు" అనేవాడు సారు.

"ఆఫీస్‌ల వచ్చింది సార్" అనేవాడు తమ్ముడు.

పిల్లలు ఫక్కున నవ్వేవాళ్లు. సర్టిఫికెట్ అంకుల్ అని పేరు పెట్టారు. అది కూడా భరించాడు.

ఒకరోజు క్లాసు మధ్యలోనే బయటికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. కడుపు నొప్పేమో అనుకున్నాను. ఎదురుగా నిలబడి, "అక్కా, ఒకటడుగుత చెప్పు" అన్నాడు.

"అడుగు."

"నీకు సార్ ఒక కాయితం ఇచ్చిండనుకో. పైనుంచి ఒక్కొక్క మాట చదవాలె. వచ్చినోని సంగతి ఏ మాటల దొరికితె ఆ మాట ప్రకారం చెయ్యాలె. మొదటి మాట, అందర్ని రానియ్యి. రెండో మాట, కార్డు లేనోన్ని రానియ్యకు. మూడోది, చెప్పులేస్కున్నోన్ని రానియ్యకు. అప్పుడు కార్డు లేనోడు వస్తె ఏం చేస్తవు?"

"అందర్ని రానియ్యి అని ముందుగాలనె ఉండె గద. పంపిస్త. కింద మాటలు చదువుడెందుకు?"

"గదే" అన్నాడు. గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు. "గదే అక్కా. నేను గట్లనే రాసిన."

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక బ్రాంచి పని ఆగిపోతే, ఏం చెయ్యాలో తోచక ఆ మిషన్‌లో అన్నిటికన్నా పైన, అందరినీ రానివ్వు అని ఒక మాట రాశాడట. కిందున్న కట్టుదిట్టాలు కిందే ఉన్నాయి కదా, అవి కాపాడతాయిలే అనుకున్నాడు. బ్రాంచి నడిచింది. మేనేజరు శభాష్ అన్నాడు. కింది మాటలు ఆ మిషన్ అసలు చదవనే చదవదని ఈ పొద్దు క్లాసులో తెలిసింది. అంటే ఇన్ని నెలలూ ఆ కంపెనీ తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల ఎంతమంది జనం పైసల వివరాలో ఉన్నాయి. కాపలా పేరుతో కుర్చీలో కూర్చున్నది ఇతను.

ఆ సాయంత్రమే బ్రాంచీలన్నీ మూశాక, ఆ మాట తీసేసి, కావలసినవాళ్లకు మాత్రమే దారి వదిలి, వరుస సరిచేశాడు. ఎవరినీ అడగకుండా తన చేతులతో తను సరిచేసిన మొదటి పని అది. మరునాడు బ్రాంచీలన్నీ మామూలుగా నడిచాయని, ఆ తర్వాతి పొద్దున క్లాసుకు వచ్చినప్పుడు చెప్పాడు. నాకు పోయిన ప్రాణం వచ్చింది.

"మూసినవు గద, ఇగ ఫికరేంది?"

"ఇప్పుడు మూసిన. మూయకముందు ఎవడన్న లోపటికి వచ్చి ఉంటె? తలుపు మూస్తె ఆడు బయటికి పోయినట్టా?"

"వచ్చిండో రాలేదో నీకేం ఎరుక?"

"గదే తెల్వదు. చెప్తె అందరం కల్సి చూస్తం."

"చెప్తె నీ నౌకరి పోతది."

"పోతది" అన్నాడు.

నేను ఊరుకోలేదు. పిల్ల చదువు అన్నాను, కిరాయి అన్నాను, ఈ వయసులో మళ్లీ నిచ్చెన మోస్తవా అన్నాను. ఎవరికీ తెలియని తప్పును ఎత్తి నెత్తిన పెట్టుకునేవాడిని నిన్నే చూస్తున్న అన్నాను.

"ఇంట్ల చెప్పినవా?"

"లేదక్కా. చెప్తె ఊకొమ్మంటది. నువ్వొక్కదానివి అంటెనే కాళ్లు ఆడ్తలేవు. ఇద్దరు అన్నరంటె నిజంగనె ఊకుంట. గందుకె ఆమెకు చెప్పలె."

ఆ పొద్దే వెళ్లి చెప్పేశాడు. మరునాడు క్లాసుకు వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. మేనేజరు గట్టిగా కూడా అరవలేదట. గది తలుపు వేసి, "ఎవరన్నా వచ్చిన్రా?" అని అడిగాడట. తెలియదు సార్ అన్నాడు ఇతను. "అయితె చూడు. అది తెరిచి ఉన్నన్ని రోజులది మొత్తం నువ్వే చూడు. నీకు ఇంకొకరిని జోడియ్య. చూసినంక రాజీనామా రాసిచ్చి పో" అన్నాడట.

అందరూ కలిసి చూస్తారని వెళ్లినవాడు ఒక్కడే కూర్చోవాల్సి వచ్చింది. ఆ మిషన్ దగ్గరికి ఎవరు వచ్చినా పోయినా అది ఒక వరస రాసి పెడుతుందట. ఎక్కడి నుంచి వచ్చాడు, ఎటు పోయాడు. అట్లాంటివి వేలకు వేలు. చీమల బారు చూసినట్టు ఒక్కొక్కటీ చూడాలి. తెలిసిన బ్రాంచిదైతే వదిలెయ్యాలి, తెలియనిదైతే వెంటబడాలి.

ఆ రోజుల్లోనూ పొద్దున క్లాసు మానలేదు.

"పోయే నౌకరికి చదువెందుకు తమ్మీ?"

"చూసేది తెలిసి చూడాలె గదక్కా."

సాయంత్రాలు ఒక్కోసారి నాంపల్లి స్టేషన్‌లో కనబడేవాడు. బెంచీ మీద కూర్చుని, వచ్చిన రైలును వచ్చినట్టే పోనిచ్చేవాడు. ఇంటికి పోతే భార్య మొహం చూడాలి. ఆమెకు అప్పటికి చెప్పాడు. ఆమె అరవలేదట. మాటే మానేసిందట. అరిస్తే బాగుండేది అన్నాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉండేవి. పక్కన కూర్చుని నేను నా తెలివి చెప్పాను.

"మెల్లగ చూడు. అయిపోయేదాక జీతమన్న వస్తది గద."

"మెల్లగ చూస్తె దొంగతనమైతదక్కా."

"అయితె జల్ది చూసి పారెయ్యి."

"జల్ది చూస్తె ఏదన్న తప్పిపోతది."

ఇంకేం చెబుతాం అట్లాంటి మనిషికి? పల్లీల పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టాను. నేనే తిన్నాను. ఒక్కొక్క వరసా తుడుచుకుంటూ పోతుంటే చివర్న ఉన్నది తన ఉద్యోగం పోయే రోజు. అది తెలిసి కూడా ఒక్క రోజు వెనకాడలేదు, ఒక్క వరస దాటెయ్యలేదు. అట్లాంటి మనిషినే గోల్‌మాల్ చేస్తే ఎల్లగొట్టారని కూడికలో ఆ ఆడవాళ్లు చెప్పుకున్నది.

చలి మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం, అతనెప్పుడూ రాని వేళ, మెట్లెక్కి వచ్చాడు. చేతిలో సంచి. అందులో అతని టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఆఫీసు బల్ల మీద పెట్టుకునే భార్యాపిల్లల ఫోటో. చూడగానే అర్థమైంది.

"అయిపోయిందక్కా."

"ఏమైంది?"

"మొత్తం చూసిన. ఎవ్వరు రాలె. తలుపు తట్టినోళ్లు ఉన్నరు గని, లోపటికి ఒక్కడు గూడ రాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. ల్యాబ్‌లో క్లాసు నడుస్తోందని కూడా చూడలేదు.

"ఎవ్వరు రాకపాయె, నీ నౌకరి మాత్రం పాయె! నోరు మూస్కుని ఉంటె ఎవడు అడిగెటోడురా నిన్ను? ఉత్తగనె పాయె గదరా అంత!"

ఎప్పుడూ రా అని పిలవలేదు నేను. అతను ఏమీ అనుకోలేదు. నా కేసి చూసి, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"రాలేదని చూస్తెనె గదక్కా తెలిసింది."

నా కుర్చీలో కూర్చున్నాడు. నీళ్లు తెస్తానుండు అని లోపలికి పోయాను. గ్లాసు కడిగి తెచ్చేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల గోడకు ఆనించి నిద్రపోతున్నాడు. సంచి ఒళ్లోనే ఉంది, చేతులు దాని మీద ఉన్నాయి. ఎన్ని నెలల నిద్రో ఏమో, నోరు కొంచెం తెరుచుకుని, పెద్దగా గురక. గ్లాసు పక్కన పెట్టి, మెట్ల మీద గోల చేస్తూ వస్తున్న పిల్లలను వేలు చూపించి ఆపాను. వాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఒకరి వెనక ఒకరు అతని పక్క నుంచి చప్పుడు లేకుండా లోపలికి పోయారు.

కాసేపటికి సారు తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏంది ఆయమ్మా, అంకుల్ గీడనే పండుకున్నడు?"

"పని అయిపోయింది సార్" అన్నాను. "పండుకోనియ్యి."